పీరుసాహెబు ఎవరో మాకు తెలియదు

ప్రభుత్వానికి ఉన్నట్టుండి సంగీతం మీద జాలి కలిగింది. ఎందుకు కలిగిందంటే, పైదేశం నుంచి వచ్చిన అతిథి ఒకాయన విందులో చెయ్యి తుడుచుకుంటూ, "మీ సంగీతంలో పేరున్న ఆ నలుగురైదుగురి రికార్డులూ మా ఇంట్లో ఉన్నాయి. ఎవరికీ తెలియనివి ఏమన్నా ఉంటే చెప్పండి, వింటాను" అన్నాడట. అక్కడున్న పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియనివి వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తాయి, పాపం! ఆరు నెలలు తిరక్కుండా రాజధానిలో 'అల్పఖ్యాత సంగీత ముద్రణల అన్వేషణ సంచాలకాలయం' అని ఒక ఆఫీసు వెలిసింది. దానికో భవనం, భవనానికో లిఫ్టు, లిఫ్టుకి 'పనిచేయదు' అన్న బోర్డు, అన్నీ ఒకే ఉత్తర్వులో మంజూరయ్యాయి.

ఆశయాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. చిన్న ఊళ్ళలో, చిన్న కంపెనీల వాళ్ళు సొంత ఉత్సాహం కొద్దీ రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతం బీరువాల్లో బూజు పట్టిపోతోంది. దాన్ని వెతికి పట్టుకుని, శుభ్రం చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి లోకానికి వినిపించాలి. అందుకోసం పాత టేపుల్ని పదిలంగా తిప్పే యంత్రం ఒకటి ఓడలో తెప్పించారు. రాష్ట్రం మొత్తానికి అలాంటిది అదొక్కటే. ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత నిబంధనల పుస్తకం రాశారు.

అందులో మూడో పేజీలో ఇలా ఉంది: "అల్పఖ్యాత కళాకారుడనగా, తన స్వంత మండలమునందు ఏబది మందికి మించి తెలియనివాడు." లోకానికి తెలియని వాడని రాస్తే సరిపోయేది. కానీ లోకంలో విచారణ జరపడానికి రెవెన్యూ సిబ్బంది లేరు, మండలంలో ఉన్నారు. అందుకని మండలం అని రాశారు.

ఆ పుస్తకం మల్లాయవరంలో మౌనేశ్వరాచారి చేతికొచ్చేసరికి వానాకాలం వచ్చింది.

ఆచారికి చీరాల రోడ్డులో రేడియో రిపేరు కొట్టు ఉంది. ఇప్పుడు రేడియోలు ఎవరు తెస్తున్నారు, మిక్సీలే బాగుచేస్తాడు. కానీ నలభై ఏళ్ళ కిందట అదే కొట్టు వెనక గదిలో గోడలకి గోనెపట్టాలు, బొంతలు వేలాడదీసి, టేపు చక్రాలు తిప్పే పాత స్పూలు యంత్రం ఒకటి కొనుక్కొచ్చి, 'శ్రీ విశ్వరూప సౌండ్స్' అని కంపెనీ పెట్టాడు. పదిహేడు కేసెట్లు తీశాడు. వాటిల్లో పదహారింటిని ఆయన భార్య తప్ప ఎవరూ మెచ్చుకోలేదు. పదిహేడోది మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ పబ్బాలకీ టేపు తెగేదాకా మోగింది. అది షేక్ పీరుసాహెబు సన్నాయి, తోడి రాగం.

పీరుసాహెబు ఆ రోజు నలభై నిమిషాలు ఆలాపన చేశాడు. కేసెట్టుకి ఒక పక్క ముప్పై నిమిషాలే పడుతుంది. ఆచారికి అప్పుడు పాతికేళ్ళు, తల పొగరు. మిగిలిన పది నిమిషాలూ కోసేసి కేసెట్టు వేశాడు. ఆ పది నిమిషాల్లోనే ఉంది పీరుసాహెబు 'దిగుడు'. పై షడ్జం మీద నిలబడి, ఒకే ఊపిరిలో కిందికి దిగుతూ, మధ్యలో ఎక్కడో ఆగినట్టే ఆగి, ఎటో పోతాడనుకునేసరికి గాంధారం మీద వాలేవాడట. అది విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, వాయించి చూపించేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఆయన పోయేనాటికి కూతురు హుసేన్‌బీకి తొమ్మిదేళ్ళు. పినతండ్రుల దగ్గర సన్నాయి నేర్చుకుని, ఇప్పుడు జిల్లాలో గుళ్ళ కల్యాణాలకీ పెళ్ళిళ్ళకీ మేళం ఆమెదే. ఎక్కడ తోడి వాయించినా ఒక ముసలాయన లేచి, "అంతా బాగుందమ్మా, మీ నాయన దిగుడు మాత్రం రాలేదు" అని ఆశీర్వదించి పోతాడు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట విని విని ఆమెకి తోడి అంటేనే గుండెలో గుచ్చుకుంటోంది.

"చిన్నాయనా, నీ పెట్టెలో ఆ చక్రం ఉండాదిగా. ఒక్కసారి వినిపించు. ఒక్కసారి చాలు, పట్టేసుకుంటా" అని ఆమె ఆచారిని ఎన్నిసార్లు అడిగిందో.

వినిపించడానికి స్పూలు ఉంది గానీ, అది ముట్టుకుంటే గోధుమరంగు పొడి రాలుతోంది. ఆచారి యంత్రం చచ్చి ముప్పై అయిదేళ్ళయింది. పట్నం స్టూడియోల వాళ్ళు దాన్ని చూసి, "ఇదేంటి అంకుల్, సినిమా రీలా?" అన్నారు. సంచాలకాలయంలో యంత్రం నడిపే నిపుణుడు మాత్రం అరచేతిలో పెట్టుకుని చూసి, ఉన్నమాట చెప్పాడు. సన్నని వేడి మీద ఆరబెడితే ఒక్కసారి మోగుతుంది, రెండోసారికి హామీ లేదు. ఆచారికి ఆ ఒక్కసారి చాలు. దరఖాస్తు పెట్టాడు.

పథకం స్వతంత్ర సంస్థలకే గనక, ముందుగా కంపెనీ స్వతంత్రమైనదో కాదో తేల్చాలన్నారు. స్వతంత్ర సంస్థ అంటే ఎవరి మీదా ఆధారపడనిదని పుస్తకంలో ఉంది. విభాగాధికారి కళ్ళజోడు సర్దుకుని అడగడం మొదలుపెట్టాడు.

"ముద్రణ దినమున విద్యుత్తు ఎవరిది?"

"బోర్డుదండీ."

"విద్యుత్ బోర్డుపై ఆధారపడుట" అని రాసుకున్నాడు. "ఆ దినమున మీకు భోజనము ఎవరు పెట్టిరి?"

"మా ఆవిడండీ."

"జీవిత భాగస్వామిపై ఆధారపడుట. కళాకారుడు ఊదుటకు అవసరమగు గాలి?"

ఆచారికి ఒళ్ళు మండింది. "గాలి ఆయన సొంతమేనండీ, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు" అన్నాడు.

విభాగాధికారి అది కూడా రాసుకున్నాడు. నాలుగు వారాల తర్వాత, విద్యుత్తు విషయంలోనూ భార్య విషయంలోనూ దేశంలో ఎవరూ స్వతంత్రులు కారని న్యాయ సలహా వచ్చింది. ఆ గండం గడిచింది.

తర్వాత పీరుసాహెబు తెలియనివాడని రుజువు కావాలి. విచారణకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సాల్మన్‌రాజు స్కూటరు మీద వచ్చాడు. మంచి మనిషి, పని తొందరగా తెమల్చాలన్న ఆత్రం తప్ప ఇంకో దుర్గుణం లేదు. బస్టాండు దగ్గర టీ తాగుతూ, "ఇక్కడ పీరుసాహెబని ఎవరన్నా తెలుసా?" అని మాట వరసకి అడిగాడు.

అంతే, మీద పడ్డారు జనం.

"ఎంత మాటన్నారు సార్! మా పెళ్ళికి ఆయనే వాయించాడు. తాళి కట్టేటప్పుడు మా ఆయన చేతులు వణికితే, ముడి పడిందాకా గుక్క తిప్పుకోకుండా ఊదాడు సార్ మారాజు!"

"మా రాములవారి పవళింపు సేవ ఆయన సన్నాయితోనే. స్వామికి ఇంకోళ్ళది వింటే నిద్ర పట్టదు."

"ఎందుకడుగుతుండారు సార్, బిరుదేమన్నా ఇస్తారా? ఇయ్యండి ఇయ్యండి. రాసుకోండి నా పేరు!"

సాయంత్రానికి సాల్మన్‌రాజు చేతిలో మూడువేల నూటపన్నెండు పేర్లు పడ్డాయి. పక్క ఊరి నుంచి పిల్లని చూసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఇద్దరు సంతకం పెట్టిపోయారు. పది రోజుల్లో ఉత్తరం వచ్చింది: "సదరు కళాకారుడు స్వంత మండలమునందు ప్రమాదకరమైన స్థాయిలో ప్రసిద్ధుడై యున్నందున, మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. ముప్పది దినములలోగా పరిస్థితి మెరుగుపడినచో పునర్విచారణ కోరవచ్చును."

ఆచారి ఆ ఉత్తరం పట్టుకుని సాల్మన్‌రాజు దగ్గరికి పరిగెత్తాడు. సాల్మన్‌రాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నన్నేం చెయ్యమంటారు ఆచారి గారూ? ఊరంతా ఒక్క నెల ఆయన్ని మర్చిపోతే పనైపోద్దండీ. తర్వాత మళ్ళీ గుర్తు తెచ్చుకోమనండి, ఎవరొద్దన్నారు?"

ఆచారి ఆ రాత్రి తిండి తినలేదు. తెల్లారి లేచి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. మనిషిని గుర్తుంచుకోమని బతిమాలిన వాళ్ళని చూశాం గానీ, మర్చిపొమ్మని గడప గడపా ఎక్కిన వాడు ఈ దేశంలో ఆచారి ఒక్కడే అయి ఉండాలి. విషయం విన్నవాళ్ళు మొదట తిట్టారు. ఆ తర్వాత హుసేన్‌బీ మొహం చూసి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక చూడాలి వాళ్ళ పట్టుదల!

పంచాయతీ వాళ్ళు 'పీరుసాహెబు వీధి' బోర్డు మీద సున్నం కొట్టారు. అంజుమన్ బడిలో ఆయన ఫోటో గోడవైపు తిప్పారు. విచారణకి వచ్చిన వాళ్ళు పెళ్ళి ఆల్బమ్ అడిగితే దొరికిపోతామని, పెళ్ళిమేళంలో ఆయన మొహం మీద ఆడవాళ్ళు స్టిక్కర్ బొట్లు అంటించారు. సాయంత్రం పూట టీ కొట్టు దగ్గర రిహార్సల్సు. ఒకడు ఇన్‌స్పెక్టరు, మిగిలినవాళ్ళు ఊరి జనం. ఎవడి మొహంలోనైనా పీరుసాహెబు కనిపిస్తే అందరికీ టీ వాడు పోయించాలి.

డోలు చెంచురామయ్య ఒక్కడే మొండికేశాడు. పీరుసాహెబు పక్కన ఇరవై రెండేళ్ళు డోలు వాయించిన మనిషి.

"నేను చెప్పను బో. ఆయన ఆకులో తిన్నా, ఆయన దుప్పటిలో పండుకున్నా. తెలీదని ఎట్టా అంటా? నాలిక పడిపోదూ?"

"నేను మాత్రం సంతోషంగా చెబుతున్నానా చెంచయ్యా? ఆ పది నిమిషాలు కోసిన పాపం నాది. అది ఆ పిల్ల చెవిలో పడితే చాలు, తర్వాత నా నాలిక పడిపోయినా ఫర్వాలేదు" అన్నాడు ఆచారి. చెంచురామయ్య తల దించుకుని, సరే కానీమన్నాడు.

రెండో విచారణ దివ్యంగా జరిగింది. సాల్మన్‌రాజు స్కూటరుకి స్టాండు వేయకముందే, "మాకు తెలీదండీ" అన్నారు నలుగురు. ఏం తెలియదని అడిగితే అది కూడా తెలియదన్నారు. అలవాటు ఎంత ముదిరిందంటే, జనాభా లెక్కలకి వచ్చిన పంతులమ్మ మీ ఆయన పేరేంటని అడిగితే, ఒకావిడ పాపం ఆ ఊపులోనే తెలియదని చెప్పేసింది.

అందరూ నవ్వుకున్నారు, హుసేన్‌బీ తప్ప. ఎదురింటి కోటమాంబ ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకీ పీరుసాహెబు పైసా తీసుకోకుండా వాయించాడు. ఆవిడ అరుగు మీద నిలబడి, "పీరుసాహెబా? ఏ ఊరు ఆయనది?" అని ఇన్‌స్పెక్టరుని అడుగుతుంటే, హుసేన్‌బీ కిటికీలోంచి విన్నది.

"మంచికే అంటుండారు, తెలుసు చిన్నాయనా. అయినా మా నాయన ఇయ్యాల మళ్ళీ చచ్చిపోయినట్టుండాది" అంది ఆచారితో. ఆచారి మిక్సీ మూత బిగించుకుంటూ కూర్చున్నాడు.

అర్హుల జాబితా వచ్చింది. నూటికి తొంభై ఏడు మార్కులతో పీరుసాహెబు రెండో స్థానంలో ఉన్నాడు. కూతురున్నందుకు మూడు మార్కులు తగ్గించారు. మొదటి స్థానం నూటికి నూరు తెచ్చుకున్న వేరొక కళాకారుడిది. ఆయన్ని మండలంలో గానీ, జిల్లాలో గానీ, సొంత ఇంట్లో గానీ ఒక్కరు కూడా ఎరగరు. ఎందుకంటే ఆయన పుట్టలేదు. ఎవరో తెలివైనవాడు ఖాళీ టేపు ఒకటి దరఖాస్తుకి జతచేసి పంపాడు. నిబంధనల ప్రకారం అంతకంటే అల్పఖ్యాతుడు దొరకడం అసాధ్యం కాబట్టి సంచాలకాలయం చేసేదేమీ లేకపోయింది. నెలరోజులు ఆ టేపుని యంత్రం మీద తిప్పి, అందులో ఉన్న కాస్త గరగరని కూడా తీసేసి, స్వచ్ఛమైన నిశ్శబ్దాన్ని ఘనంగా విడుదల చేశారు. సభలో నలభై అయిదు నిమిషాలు వినిపించారు. పత్రికలో ఒక విమర్శకుడు, రెండో కాలంలో కళాకారుడు చూపిన సంయమనం నేటి యువతకి ఆదర్శమని రాశాడు.

ఇక పీరుసాహెబు వంతు. ఆచారి స్పూలుని పసిపిల్లలా గుడ్డలో చుట్టుకుని, హుసేన్‌బీని వెంటబెట్టుకుని రాజధానికి బయల్దేరబోతుంటే ఫోనొచ్చింది. మూడో స్థానం వాళ్ళు ఆకాశరామన్న ఉత్తరం రాశారట, మల్లాయవరం జనం అడక్కముందే తెలియదంటున్నారని. కాబట్టి సంచాలకుల సమక్షంలో బహిరంగ పరీక్ష జరుగుతుంది. దరఖాస్తుదారుడితో కలిపి సాక్షులు అయిదుగురు రావాలి. స్పూలు మొత్తం వాళ్ళ ముందు మోగిస్తారు. వింటూ ఉండగా సంచాలకులు ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తారు. ఏ ఒక్కరికి ఆ వాద్యం ఎవరిదో తెలిసినా, ఆ క్షణంలోనే టేపు ఆపేసి దరఖాస్తు కొట్టేస్తారు.

ఆచారి సంచాలకులు పద్మాకర్ గారి గదికి వెళ్ళి చేతులు జోడించాడు.

"అయ్యా, అది ఒక్కసారే మోగుతుందని మీ నిపుణుడే చెప్పాడు. ఆ మోగేటప్పుడే కాపీ కూడా తీసేయించండి. తర్వాత మీ ఇష్టం."

పద్మాకర్ గారు ఎంతో ఓపికగా నవ్వారు. "చూడండి ఆచారి గారూ, నకలు తీయుట అనేది మంజూరు అనంతర చర్య. మంజూరు అనేది పరీక్షానంతర చర్య. పరీక్షకు పూర్వమే నకలు తీస్తే, మంజూరు కాని సంగీతాన్ని ప్రభుత్వ యంత్రం కాపాడినట్టవుతుంది. రేపు ఆడిటు వాళ్ళు, దీన్ని ఎందుకు కాపాడారని అడిగితే నేనేం చెప్పను?"

"మరి మోగి, పొడైపోతే?"

"పరీక్ష సజావుగా జరిగినట్టు రికార్డు ఉంటుంది కదా. కార్యక్రమమంతా బల్ల మీద మైకు పెట్టి నమోదు చేస్తాం. పారదర్శకత!"

ఆ చివరి మాట ఆచారి చెవిన పడింది. బల్ల మీద మైకు ఉంటుంది. గదిలో మోగిందంతా అందులో పడుతుంది. మంజూరు కాకపోయినా విచారణ నకలు సమాచార హక్కు కింద అడగొచ్చు. ఇవ్వనంటే తప్పు వాళ్ళది. ఆచారి మెట్లు రెండేసి దిగుతూ బయటికొచ్చి, మిగతా నలుగురు సాక్షుల్నీ చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు.

"గెలుస్తామో లేదో నాకనవసరం. ముప్పై నిమిషాలు దాటాక వచ్చే పది నిమిషాలు గదిలో చీమ చిటుక్కుమనకూడదు. అప్పుడు ఏమడిగినా తల అడ్డంగా ఊపండి, నోరు తెరవొద్దు. తెలుసని చెప్పారో, టేపు ఆపేస్తారు. గుర్తుంచుకోండి."

పరీక్ష మర్నాడు పదకొండు గంటలకి. సాక్షుల ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. హుసేన్‌బీని రానివ్వలేదు. రక్తసంబంధీకులు వింటే ఫలితం కలుషితమవుతుందని నిబంధన. ఆమె రెండు తలుపుల అవతల, వరండాలో బెంచీ మీద కూర్చుంది. నిపుణుడు ఊపిరి బిగబట్టి స్పూలు ఎక్కించాడు. మీట నొక్కాడు.

నలభై ఏళ్ళ కిందటి గోనెపట్టాల గది, ఆ గదిలో పీరుసాహెబు ఊపిరి, గొంతు సవరించుకున్న చప్పుడు, ఆపైన సన్నాయి. ఆచారికి కళ్ళు చెమర్చాయి. వెంటనే మొహం మిక్సీ బాగుచేస్తున్నప్పుడు పెట్టే మొహంలా పెట్టుకున్నాడు.

మొదటి ముప్పై నిమిషాలూ సంచాలకులు ఎవరినీ ఏమీ అడగలేదు. టీ తెప్పించుకున్నారు, ఫోను చూసుకున్నారు, బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి లోపల పడిపోతే చెంచాతో తీసుకుని తిన్నారు. అన్ని కేసెట్లలోనూ ఉన్న ముప్పై నిమిషాలు, ఊళ్ళో పిల్లలకి కూడా నోటికొచ్చిన ముప్పై నిమిషాలు ఏ అడ్డూ లేకుండా, అద్దంలా మైకులో పడ్డాయి. ముప్పై ఒకటో నిమిషంలో ఆయన మూతి తుడుచుకుని, "ఇక ప్రారంభిద్దామా?" అన్నారు.

ఒకటో సాక్షి తల అడ్డంగా ఊపాడు. రెండో సాక్షీ అంతే. చెంచురామయ్య బల్ల కిందికి చూస్తూ ఊపాడు. నాలుగో సాక్షి కోటమాంబ, ఆవిడైతే కళ్ళు కూడా మూసుకుని ఊపింది. సంచాలకులు రాసుకుంటున్నారు. కలం చప్పుడు తప్ప ఏమీ లేదు. సన్నాయి పైకి పోతోంది, పై షడ్జం చేరింది, అక్కడ నిలబడింది. అదీ, అదే! ఇంక దిగుతుంది. ఆచారి కుర్చీ చివరికి జరిగాడు.

"అయిదవ సాక్షి. ఈ వాద్యము వాయించుచున్న వ్యక్తి మీకు తెలుసునా?"

ఆచారి తల అడ్డంగా ఊపాడు.

"మీరు దరఖాస్తుదారులు. తల ఊపుట చాలదు. వాఙ్మూలము కావలెను."

ఆచారి వేలు పైకెత్తి, ఒక్క నిమిషం ఆగమని సైగ చేశాడు. సన్నాయి కదిలింది.

"సమయము కోరుచున్నారా? ఆలోచించుచున్నారనగా తెలిసినట్టే భావించబడును." సంచాలకులు నిపుణుడి వైపు తిరిగి చెయ్యెత్తారు. నిపుణుడి వేలు మీట మీదికి వెళ్ళింది.

"తెలీదండీ!" అన్నాడు ఆచారి.

"ఎవరు తెలియదు? స్పష్టముగా, పూర్తి వాక్యముగా, మైకులోనికి చెప్పండి."

"పీరుసాహెబు ఎవరో నాకు తెలియదు! నేనాయన్ని ఎన్నడూ చూడలేదు, వినలేదు!" అని అరిచాడు ఆచారి. అరిచి ఊపిరి తీసుకునేసరికి సన్నాయి గాంధారం మీద ఉంది. ఎట్లా వచ్చిందో, వచ్చేసింది.

ఇంకాసేపటికి ఆలాపన అయిపోయి కీర్తన అందుకున్నాడు పీరుసాహెబు. డోలు మొదలైంది. చెంచురామయ్య మొహం రాయిలాగే ఉంది గానీ, చేతులు బల్ల మీదికి ఎప్పుడు వచ్చాయో, టేపులో డోలుతో కలిసి దరువు వేస్తున్నాయి. ఆయన చూసుకుని తీసేసేలోపల సంచాలకులు చూడనే చూశారు. టేపు ఆగింది. యంత్రం కింద గోధుమరంగు పొడి చిన్న కుప్పగా పడి ఉంది. నిపుణుడు స్పూలు విప్పి ఆచారి చేతికిచ్చాడు. టేపు మీది పూతంతా రాలిపోయి, ఇటు నుంచి చూస్తే అటువైపు కనిపిస్తోంది.

ఉత్తర్వు ఆ వారంలోనే వచ్చింది. "మూడవ సాక్షి హస్తములకు కళాకారుడు తెలిసియున్నట్లు ధ్రువపడినందున, షేక్ పీరుసాహెబు గారిని సుప్రసిద్ధునిగా ప్రకటించడమైనది. సుప్రసిద్ధుల సంగీతమును కాపాడవలసిన అవసరము ఈ సంచాలకాలయమునకు లేదు." ఊళ్ళో వీధి బోర్డు మీద సున్నం గీకేశారు. చెంచురామయ్య రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

విచారణ నకలు మాత్రం నెల తిరిగేలోపే, సీలు వేసిన కవర్లో, సీడీ మీద వచ్చింది. వాళ్ళ తప్పేమీ లేదు, అంతా నిబంధనల ప్రకారమే. హుసేన్‌బీ సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, ఆచారి కొట్టులో స్పీకరు ముందు చాప మీద కూర్చుంది. ముప్పై నిమిషాలు కదల్లేదు. ముప్పై ఒకటో నిమిషంలో సన్నాయి కొత్త దారి పట్టగానే, ఆమె చేతి రోమాలు లేచి నిలబడ్డాయి. పై షడ్జం వచ్చింది. నిలబడింది.

"పీరుసాహెబు ఎవరో నాకు తెలియదు! నేనాయన్ని ఎన్నడూ చూడలేదు, వినలేదు!"

తర్వాత గాంధారం.

ఆమె వెనక్కి తిప్పింది. మళ్ళీ అదే. గొంతు కింద ఎక్కడో సన్నాయి ఉన్నట్టే ఉంది, వినబడదు. పదిసార్లు తిప్పింది. ఆచారి తల గోడకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ చెంచురామయ్యని అడిగింది. "ఆలాపనలో డోలుకి పనేముందమ్మా? అక్కడికొచ్చేసరికి నేను బీడీకి బయటికి పోయేవాణ్ణి. పరీక్ష నాడు విన్నా, కానీ నాకు దరువు గుర్తుంటది, స్వరం ఉండదు" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె సన్నాయి తీసి పెదాలకి ఆనించుకుంది. పై షడ్జం దాకా వెళ్ళింది, అచ్చం నాయనలాగే. అక్కడ ఆగి సన్నాయి దించింది.

"చిన్నాయనా, నువ్వు చూస్తుండగా వాయించాడు. మొన్న ఆ గదిలో కూడా నువ్వుండావు. నీకన్నా తెలుసుగా, ఇక్కణ్ణుంచి ఎట్టా దిగాడు?"

ఆచారి నోరు తెరిచాడు. షడ్జం గుర్తుంది, గాంధారం గుర్తుంది. మధ్యలోకి వెళ్తే తన గొంతే వినిపిస్తోంది. నెలరోజులు ఊరంతా తిరిగి నేర్పిన మాటే నోట్లోంచి వచ్చింది. ఈసారి అబద్ధం కాదు.

"తెలీదమ్మా" అన్నాడు.